బడిపంతులు దిద్దిన బంగారు జట్టు
భారత ఫుట్‌బాల్‌కు రెండు ఆసియా స్వర్ణాలు సాధించిపెట్టిన హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం

తెనాలి, బాపట్ల, రేపల్లె: ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశం ఇంతవరకు రెండే రెండు సార్లు స్వర్ణ పతకం గెలుచుకుంది. ఒకటి 1951లో ఢిల్లీలో, రెండవది 1962లో జకార్తాలో. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఒక్కసారి మాత్రమే సెమీఫైనల్ చేరింది. అది 1956లో మెల్‌బోర్న్‌లో. ఈ మూడు సందర్భాలలోనూ జట్టుకు శిక్షకుడు ఒక్కరే. ఆయన విదేశాల నుంచి వచ్చిన నిపుణుడు కాదు, పెద్ద క్లబ్బుల యజమానీ కాదు. హైదరాబాద్ పాఠశాలల్లో పిల్లలకు పాఠాలు చెప్పిన ఒక ఉపాధ్యాయుడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాకారులందరికీ ఆయన 'రహీం సాబ్'.

గుంటూరు జిల్లా వాసులకు రహీం కథ పరాయిది కాదు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు హైదరాబాద్ రాజధానిగా ఉన్న రాష్ట్రంలో భాగమయ్యాయి. సరిగ్గా నెల రోజులకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిష్యులు ఆతిథ్య ఆస్ట్రేలియాను ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. కొత్త రాష్ట్రానికి క్రీడారంగంలో దక్కిన తొలి కీర్తి అదే అనుకోవచ్చు. రాష్ట్రం ఆ తరువాత రెండుగా విడిపోయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్ళగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచింది. సరిహద్దులు మారినా తెలుగు నేల మీద పుట్టిన ఆ ఫుట్‌బాల్ వారసత్వంలో అందరికీ వాటా ఉంది.

పాఠశాల నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఫుట్‌బాల్ ఆడారు. ఆ తరువాత సిటీ కాలేజీ పూర్వ విద్యార్థులతో ఏర్పడిన 'ఎలెవెన్ హంటర్స్' జట్టులోనూ ఆడారు. పట్టభద్రుడైన పిదప ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలల్లో ఆటల బాధ్యతలు కూడా స్వీకరించారు.

ఆటగాడిగా రహీం పేరు దేశవ్యాప్తం కాలేదు. ఆయన ప్రతిభ అంతా ఇతరులను తీర్చిదిద్దడంలో బయటపడింది. పిల్లవాడికి ఒక విషయం ఎందుకు అర్థం కావడం లేదో గ్రహించి, అది అర్థమయ్యే మార్గం వెతకడం ఉపాధ్యాయుని లక్షణం. మైదానంలో రహీం చేసిన పని కూడా అదే. ఆయన శిక్షణ విధానాల మూలాలు పెద్ద క్లబ్బులలో గాక పాఠశాల ఆటస్థలంలో కనిపిస్తాయి.

1940ల తొలినాళ్ళలో రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేవరకు ఆ బాధ్యతలోనే కొనసాగారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ కారణంగా జంట నగరాల్లో సైనిక జట్ల ఆట అప్పటికే బాగా పరిచయం. అయితే కుర్రాళ్ళను చిన్న వయసులోనే గుర్తించి, ఒక పద్ధతి ప్రకారం శిక్షణ ఇచ్చి, పోటీలలో నిలబెట్టే ఏర్పాటు రహీం హయాంలోనే బలపడింది.

ఎడమ కాలికీ పని చెప్పిన గురువు

ఆ రోజుల్లో దేశంలో చాలామంది క్రీడాకారులు ఒక్క కాలి మీదే ఆధారపడి ఆడేవారు. కుడి కాలివాటం ఉన్నవాడు ఎడమ వైపు బంతి వస్తే దాన్ని కుడి కాలికి మార్చుకుని తన్నేవాడు. ఆ మార్పుకు పట్టే క్షణంలోనే ప్రత్యర్థి వచ్చి అడ్డుపడేవాడు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి రహీం, అలవాటు లేని కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నిబంధనతో పోటీలు నిర్వహించారు. పోటీలో గెలవాలన్న పట్టుదలతో కుర్రాళ్ళు బలహీనమైన కాలిని తమంతట తామే సాధన చేసేవారు.

పిల్లల ఎత్తును బట్టి విభాగాలు చేసి టోర్నమెంట్లు జరపడం ఆయన మరో పద్ధతి. ఒకే వయసు పిల్లల్లో కొందరు త్వరగా ఎదుగుతారు, కొందరు ఆలస్యంగా ఎదుగుతారు. వయసును మాత్రమే చూస్తే ఎత్తయినవాడు బలంతో నెగ్గుతాడు. నైపుణ్యం ఉన్న చిన్నవాడు నిరుత్సాహపడి ఆట మానేస్తాడు. సమానమైన ఎత్తువారిని ఒకచోట ఆడిస్తే బలం కన్నా నైపుణ్యానికి విలువ పెరుగుతుంది. బంతిని అట్టేపెట్టుకోకుండా ఒక్క స్పర్శతోనే సహచరుడికి అందించే ఆటను ఆయన ప్రోత్సహించారు. ఒంటరిగా మెరుపులు మెరిపించే ఆటగాడి కంటే జట్టు కోసం పరుగెత్తేవాడికి ఆయన వద్ద పెద్దపీట ఉండేది.

పోలీసు జట్టు జైత్రయాత్ర

రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశంలో తిరుగులేని శక్తిగా ఎదిగింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు గెలుచుకుంది. 1957లో మరోసారి గెలిచింది. దేశంలో అతి పురాతనమైన డ్యూరాండ్ కప్‌ను 1950లో మోహన్‌బగాన్‌ను ఓడించి కైవసం చేసుకుంది. 1954, 1957లలోనూ ఆ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారిన తరువాత 1960లో రోవర్స్ కప్, 1961లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1962లో రోవర్స్ కప్‌ను ఈస్ట్‌బెంగాల్‌తో సంయుక్తంగా పంచుకుంది.

కలకత్తా క్లబ్బులకు ధనబలం, జనబలం రెండూ ఉండేవి. పోలీసు జట్టుకు ఉన్నది క్రమశిక్షణ, రహీం వ్యూహం మాత్రమే. రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీని సైతం హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 సంవత్సరాలలో వరుసగా గెలుచుకుంది. హైదరాబాద్‌లో ఎదిగిన ఆటగాళ్ళకు కలకత్తా, బొంబాయి క్లబ్బుల నుంచి పిలుపులు రావడం ఆ రోజుల్లో పరిపాటి అయింది.

ఢిల్లీలో స్వర్ణం, హెల్సింకిలో గుణపాఠం

1950లో రహీం జాతీయ జట్టు బాధ్యతలు చేపట్టారు. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో శైలేన్ మన్నా నాయకత్వంలో భారత్ బరిలోకి దిగింది. ఇండోనేషియాను 3-0తో, ఆఫ్ఘనిస్థాన్‌ను 3-0తో ఓడించి ఫైనల్ చేరింది. ఫైనల్లో సాహు మేవాలాల్ చేసిన గోల్‌తో ఇరాన్‌పై 1-0తో విజయం సాధించింది. మొత్తం పోటీలో భారత్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో అనుభవం ఇందుకు పూర్తిగా భిన్నం. 1952 జూలైలో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10 గోల్స్‌తో పరాజయం పాలైంది. ఏకైక గోల్‌ను అహ్మద్‌ఖాన్ చేశారు. భారత ఆటగాళ్ళలో అనేకులు బూట్లు లేకుండా ఆడారు. మన ఎండు నేల మీద ఉత్తకాలితో బంతిని నియంత్రించడం సులువు కావచ్చు గానీ, ఐరోపా చలిలో జారే మైదానం మీద అది సాధ్యపడలేదు. ఈ ఓటమి తరువాతనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

రహీం ఆ ఓటమికి సాకులు వెతకలేదు, వ్యూహాన్ని మార్చుకున్నారు. అప్పటికి భారత జట్లు ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డులతో కూడిన పాత పద్ధతిలో ఆడేవి. దాడికి ఐదుగురు ఉన్నా, వేగంగా వచ్చే ప్రత్యర్థిని అడ్డుకునేందుకు వెనుక ఇద్దరే మిగిలేవారు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ను వెంబ్లీ మైదానంలో 6-3తో ఓడించినప్పుడు, సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనుకకు జరిపి ఆడించే విధానం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. రహీం ఇటువంటి మార్పులను అధ్యయనం చేసి మన ఆటగాళ్ళ శక్తిసామర్థ్యాలకు అనువుగా మలిచారు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ద్వారా ప్రసిద్ధి చెందిన 4-2-4 పద్ధతి దిశగా భారత జట్టును నడిపించిన ఘనతను క్రీడా చరిత్రకారులు ఆయనకు ఇస్తారు.

మెల్‌బోర్న్‌లో మహత్తర ఘట్టం

1956 ఒలింపిక్స్‌లో హంగరీ వైదొలగడంతో భారత్‌కు తొలి రౌండ్ ఆడకుండానే ముందడుగు లభించింది. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడిగా నిలిచారు. నాలుగో గోల్‌ను కిట్టు చేశారు. ఆ విజయంతో ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ రికార్డుకెక్కింది. జట్టు నాయకుడు సమర్ బెనర్జీ.

సెమీఫైనల్లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియా. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ చేసిన జట్టును భారత్ విరామం వరకు ఒక్క గోల్ కూడా చేయనివ్వలేదు. పైగా రెండవ భాగంలో నెవిల్ డిసౌజా గోల్‌తో ముందుగా ఆధిక్యం సాధించింది. చివరకు యుగోస్లావియా నాలుగు గోల్స్‌తో 4-1గా నెగ్గింది. కాంస్య పతకం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3-0తో గెలవడంతో భారత్ నాలుగో స్థానానికి పరిమితమైంది. పతకం చేజారినా, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు నేటికీ అదే అత్యుత్తమ స్థానం.

ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్ ఆటగాళ్ళు ఉన్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో జన్మించినవారే.

అద్దె సైకిలుకు రోజుకో రూపాయి

రహీం శిష్యవాత్సల్యానికి బలరాం జీవితమే సాక్ష్యం. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన బలరాం ఆటను చూసి రహీం ముచ్చటపడ్డారు. హైదరాబాద్‌కు వచ్చి సాధన చేయమని కోరారు. అంత దూరం రోజూ వచ్చిపోయే స్థోమత ఆ కుర్రవాడికి లేదు. సైకిలు అద్దెకు తీసుకోవడానికి రహీం ఆయనకు రోజుకో రూపాయి ఇచ్చేవారు. ఈ సంగతిని బలరాం తరువాతి కాలంలో కృతజ్ఞతతో చెప్పుకునేవారు.

ఆ రూపాయి వృథా పోలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ చేసిన మొత్తం మూడు గోల్స్‌లో రెండు బలరాం చేసినవే. 1962లో ఆయన అర్జున అవార్డు అందుకున్నారు. చుని గోస్వామి, పి.కె.బెనర్జీ, బలరాం త్రయం భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగానికి ప్రతీకగా నిలిచింది. బలరాం 2023 ఫిబ్రవరి 16న తన 86వ ఏట కోల్‌కతాలో తుదిశ్వాస విడిచారు.

రోమ్‌లో భారత్‌కు కఠినమైన గ్రూపు ఎదురైంది. హంగరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడినా, ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా చేసుకుంది. ఫ్రాన్స్‌పై గోల్ చేసినది నాయకుడు పి.కె.బెనర్జీ. రహీం కుమారుడు ఎస్.ఎస్.హకీం కూడా ఆ బృందంలో సభ్యులు. అనంతర కాలంలో ఆయన అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా రాణించి 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందారు. 2021 ఆగస్టులో మరణించారు.

జకార్తాలో చివరి పోరాటం

1962 నాటికి రహీం ఆరోగ్యం క్షీణించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ను లోలోపల తినివేస్తోంది. ఆ స్థితిలోనే జట్టును జకార్తాకు తీసుకువెళ్ళారు. చుని గోస్వామి నాయకుడు. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి ఎదురైంది. అనంతరం థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది.

థాయిలాండ్‌తో పోటీలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షణ శ్రేణిలో ఆయన పాత్ర కీలకం. గాయపడినవాడిని పక్కన కూర్చోబెట్టడం మామూలు శిక్షకుడు చేసే పని. రహీం మాత్రం ఆయన్ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంపై 3-2తో నెగ్గిన సెమీఫైనల్లో జర్నైల్ ఒక గోల్ చేశారు. మిగిలిన రెండూ చుని గోస్వామివి.

సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది ప్రేక్షకులు. వారిలో అత్యధికులు భారత్‌కు వ్యతిరేకులు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు అనుమతించకపోవడాన్ని భారత క్రీడా ప్రతినిధి గురుదత్ సోంధి విమర్శించడంతో జకార్తాలో నిరసనలు చెలరేగాయి. ఆ కోపమంతా మైదానంలోని భారత ఆటగాళ్ళపైకి మళ్ళింది. ఆ హోరులో మన జట్టుకు మద్దతుగా కేకలు వేసినవారిలో పాకిస్థాన్ హాకీ ఆటగాళ్ళు ఉండటం విశేషం.

జ్వరం నుంచి కోలుకున్న తంగరాజ్‌ను గోల్‌కీపర్‌గా దించారు. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో తలకు కట్టుతో ఆడుతున్న జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. కొరియా చివరి నిమిషాల్లో ఒక గోల్ చేసినా 2-1తో స్వర్ణం భారత్‌ను వరించింది. గ్రూపు దశలో తమను ఓడించిన జట్టునే ఫైనల్లో ఓడించడం రహీం వ్యూహచతురతకు పరాకాష్ఠ.

ఆ తరువాత ఆయన మరో పెద్ద పోటీ చూడలేదు. 1963 జూన్ 11న, జకార్తా విజయం తరువాత తొమ్మిది నెలలకే, 53 ఏళ్ళ వయసులో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఆయన తరువాత

రహీం నాటిన విత్తనాలు కొంతకాలం ఫలించాయి. 1964 ఆసియా కప్పులో భారత్ రన్నరప్‌గా నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో 1970 ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం పొందింది. శిక్షకుడిగా నయీముద్దీన్ 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. అయితే 1960 తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. 1970 తరువాత ఆసియా క్రీడల్లో పతకం లేదు.

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ప్రారంభమైంది. అప్పటికి రహీం మరణించి 22 ఏళ్ళు. దశాబ్దాల పాటు పాతతరం అభిమానుల జ్ఞాపకాల్లోనే మిగిలిన ఆయన పేరు, 2024లో అజయ్ దేవగణ్ ప్రధాన పాత్రలో విడుదలైన హిందీ చిత్రం 'మైదాన్'తో కొత్త తరానికి తెలిసింది.

మన పాఠశాలలకు పనికొచ్చే పాఠం

రహీం విధానాల్లో ఖరీదైనది ఏదీ లేదు. అలవాటు లేని కాలితో ఆడించే పోటీకి ఒక బంతి, ఒక ఖాళీ స్థలం చాలు. ఎత్తును బట్టి విభాగాలు చేయడానికి గోడ మీద ఒక గీత సరిపోతుంది. తెనాలిలోనైనా, రేపల్లెలోనైనా, బాపట్లలోనైనా ఉన్నత పాఠశాల ఆవరణలో సాయంత్రం ఒక గంట కేటాయించగల వ్యాయామోపాధ్యాయుడు ఉంటే ఈ పద్ధతులను రేపటి నుంచే అమలు చేయవచ్చు. ఆసియా విజేతలను తయారుచేసిన వ్యక్తి తన పనిని ఆరంభించింది అటువంటి పాఠశాల ఆవరణలోనే. ప్రతిభ ఉండి, మైదానానికి చేరే దారి లేని పిల్లవాణ్ణి గుర్తించి ఆ దారి చూపడమే ఆయన వృత్తి రహస్యం. బలరాం సైకిలు అద్దె చెప్పేది ఆ సంగతే.

రహీం ప్రస్థానం - ముఖ్య ఘట్టాలు

* జననం: 1909 ఆగస్టు 17, హైదరాబాద్
* వృత్తి: ఉపాధ్యాయుడు, వ్యాయామ విద్యలో డిప్లొమా
* ఆటగాడిగా: ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఎలెవెన్ హంటర్స్
* పదవి: హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి
* రోవర్స్ కప్ (పోలీసు జట్టు): 1950, 1951, 1952, 1953, 1954, 1957, 1960, 1962 (సంయుక్తం)
* డ్యూరాండ్ కప్ (పోలీసు జట్టు): 1950, 1954, 1957, 1961
* సంతోష్ ట్రోఫీ (హైదరాబాద్): 1956-57, 1957-58
* ఆసియా క్రీడలు: 1951 ఢిల్లీ స్వర్ణం, 1962 జకార్తా స్వర్ణం
* ఒలింపిక్స్: 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ (నాలుగో స్థానం), 1960 రోమ్
* మరణం: 1963 జూన్ 11, హైదరాబాద్